మొగులయ్య పోత స్కేలు

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది?

కేసు చేతికి వచ్చిన ప్రతిసారీ వసుమతి తనను తాను మొదట అడిగే ప్రశ్నలు ఈ రెండే. ఎవరు చేశారన్నది తరవాతి సంగతి. బాధితుడి ముఖం ఎదుట నిలుపుకోకుండా నేరస్థుడి వెంట పరుగెత్తేవాడు వేటగాడు కాగలడేమో గాని, న్యాయం చేయలేడని ఆమె నమ్మకం.

ఈ కేసులో అన్యాయం ఇద్దరికి జరిగింది.

మొదటి మనిషి మొగులయ్య. వయసు డెబ్బై ఒకటి. నాంపల్లి స్టేషనుకు దగ్గరి సందులో యాభై ఏళ్ళుగా ప్యాటర్న్‌లు చెక్కేవాడు. లోహంతో పోత పోయవలసిన వస్తువును ముందుగా కొయ్యతో తయారుచేసి ఫౌండ్రీకి ఇవ్వడం అతని పని. మంగళవారం మధ్యాహ్నం ఎవరో అతని దుకాణంలోకి వచ్చారు. అతని నోట్లో గుడ్డలు కుక్కారు. అతని కొయ్యసుత్తితోనే ఎడమచేతికున్న మూడు వేళ్ళనూ ఒక్కొక్కటిగా చితకగొట్టారు. నాలుగో దెబ్బ కణత మీద వేశారు. ఆ చేతికి ఉన్నవి మూడు వేళ్ళే. మిగతా రెండూ ఇరవై తొమ్మిదేళ్ళ కిందటే పోయాయి. ఎలా పోయాయో వసుమతికి తెలిసినంత బాగా మరొకరికి తెలియదు.

రెండో మనిషి సాయిసుధ. వయసు ఇరవై ఎనిమిది. ఆబిడ్స్‌లోని ఒక చిన్న డిజైన్ కంపెనీలో ఇంజనీరు. మనుషులను అంగారక గ్రహం మీద దింపే ల్యాండర్‌ను తీరిక వేళల్లో, సొంత కాగితాల మీద, రెండేళ్ళు శ్రమించి ఆమె రూపొందించింది. కంపెనీ యజమాని విశ్వనాథ్ దానిని తన పేరుతో సోమవారం ఒక అంతర్జాతీయ పోటీకి పంపాడు. మరునాడు రెండూ నలభైకి పోలీసులు మొగులయ్యను చంపిందంటూ ఆమెను అరెస్టు చేశారు.

బుధవారం రెండున్నరకు ఆమెను నాంపల్లి కోర్టులో హాజరుపరచాలి. వసుమతి ఠాణాలో అడుగుపెట్టేసరికి ఉదయం పదీ ముప్పై ఐదు.

“ఏడుపు ఆపు,” అంది వసుమతి, ఎదురుగా కూర్చున్న అమ్మాయితో. “మనకిచ్చింది పది నిమిషాలు. నిన్న నువ్వు మొగులయ్యకు ఫోన్ చేసి అరిచావట. నిజమేనా?”

సాయిసుధ దుపట్టాను పోలీసులు తీసుకున్నారు. చున్నీ లేని భుజాలను చేతులతో చుట్టుకుని తల ఊపింది. గోళ్ళ సందుల్లో నెత్తురు ఇంకా ఎండి ఉంది.

“పదకొండూ యాభైకి చేశానండీ. విశ్వనాథ్ గారి ఎంట్రీ వెబ్‌సైట్లో చూశాను. నా ల్యాండరే. నా కాగితాలు నా బ్యాగు దాటలేదు, నా లాప్‌టాప్‌కు తాళం ఉంది. లోకంలో దాని రూపం మరోచోట ఉన్నది, అల్యూమినియంతో నమూనా పోత పోయించడానికి మొగులయ్య తాత పదో వంతు సైజులో చెక్కిన ప్యాటర్న్‌గానే. అందుకే అడిగాను... ‘ఎంతకు అమ్ముకున్నావు తాతా?’ అని అడిగాను.”

“ఆయనేమన్నాడు?”

“కోప్పడలేదు. ‘అండ్ల కొలతలేమున్నయో చదువు బిడ్డా’ అన్నారు. చదివాను. కాళ్ళ పొడవు 5065 మిల్లీమీటర్లు. గది వ్యాసం 8104. తలుపు గడప ఎత్తు 443. అంతా విని, ‘గవి నీ అంకెలు గావు. నా స్కేలు అంకెలు. దొంగ దొరికిండు. నువ్వు రా, చూపిస్త’ అన్నారు. నేను రెండూ ఐదుకు వెళ్ళాను. అప్పటికే...”

“నీ అసలు అంకెలు?”

“5000. 8000. 437.”

“మొదటి రెండూ నిండు సంఖ్యలు. మూడోది ఎందుకలా ఉంది?”

ఆ ప్రశ్నకు సాయిసుధ ముఖంలో ఏదో కదిలింది. “పాత డిజైన్లు చాలావరకు గోపురాల్లా ఉంటాయండీ. కింద ఇంజన్లు, పైన మనుషులు. దిగాలంటే పది మీటర్ల నిచ్చెన. ఏడు నెలలు బరువు తెలియకుండా ప్రయాణించిన వాళ్ళకు కండ కరిగిపోతుంది, కాళ్ళు నిలవవు. నిచ్చెన మీంచి జారి ఒకరి తొడ ఎముక విరిగితే అక్కడ దవాఖానా ఉండదు. అందుకని ట్యాంకులను పైకి, ఇంజన్లను పక్కలకు జరిపి, మనుషుల గదిని కాళ్ళ మధ్య నేల దగ్గరికి దించాను. గడప ఎంత ఎత్తుండాలో తేలలేదు. తాత మోకాళ్ళు అరిగిపోయాయి. ఏ కుర్చీలోంచి లేవాలన్నా ఎవరో చెయ్యి ఇవ్వాలి. తను చేసుకున్న స్టూలు మీంచి మాత్రం ఎవరి సాయమూ లేకుండా లేచేవారు. దాన్ని కొలిచాను. 437.”

వసుమతి లేచి నిలబడింది. “నువ్వు అడిగిన మాటకు ఆయన నిన్ను క్షమించాడు. లేకపోతే ‘నువ్వు రా’ అనడు. ఇక ఏడవకు.”

*

పదకొండూ పదికి మొగులయ్య దుకాణం తలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ కరుణాకర్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పన్నెండేళ్ళ కిందట వసుమతి కింద సబ్ ఇన్‌స్పెక్టరుగా పని నేర్చుకున్నవాడు. ఆమె రాజీనామా చేసి ప్రైవేటు డిటెక్టివ్ అయినప్పటినుంచీ ఆమె నీడ పడితే అతనికి ఒళ్ళు మంట.

“నమస్తే మేడం. గిప్పుడన్నా జర ఇంట్ల కూసొని రామకోటి రాసుకోరాదు?”

“రాస్తాను కరుణాకర్. ముందు నీ రిమాండు రిపోర్టులో తప్పులు దిద్దనివ్వు.”

“తప్పులేం లెవ్వు. పిల్ల ఫోన్ల లొల్లి వెట్టింది, ఆఫీసంత విన్నది. దుపట్టా నిండ నెత్తురు. సుత్తి మీద ఆమె వేలిముద్రలు. ఇంకేం గావాలె?”

“సుత్తి మీద ముద్రలు పిడి చివరన ఉన్నాయా, తల దగ్గర ఉన్నాయా?”

కరుణాకర్ కట్టుకున్న చేతులు దించాడు. “తల దగ్గర.”

“సుత్తిని తల దగ్గర పట్టుకుని ఎవరూ కొట్టరు. పడి ఉన్నదాన్ని తీసి పక్కన పెట్టేవాళ్ళు అలా పట్టుకుంటారు. పిడి చివర ఏముంది?”

“తుడిచిన్రు. ఒక చీలిక మీద చిన్న చర్మం ముక్క ఇరుక్కున్నది. ల్యాబుకు పంపినం. ఎవల్దో ఎన్కటిది గావచ్చు.”

“ఆ అమ్మాయి అరచేతులు చూశావా?”

అతను చూడలేదు. వసుమతి చూసింది. ఎక్కడా గీత లేదు.

పక్కనే పుస్తకాలు బైండింగు చేసే దుకాణం. దాని యజమాని జానకమ్మ అరుగు మీద నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పంతొమ్మిది వందల యాభై ఆరులో, రాష్ట్రం ఏర్పడిన ఏడు, ప్రెస్సు ఉద్యోగానికి తండ్రి గుంటూరునుంచి వచ్చాడు. ఆమె ఇక్కడే పుట్టింది, ఇక్కడే జిగురు వాసనలో ముసలిదయింది.

“చప్పుడు విన్నానమ్మా,” అంది జానకమ్మ. “పని చేసుకుంటున్నాడనుకున్నాను. నలభై ఏళ్ళుగా వింటున్న సుత్తే కదా. పనే అనుకున్నాను.”

“ఎన్ని దెబ్బలు?”

“నాలుగు. ఒకటి కొట్టి ఆగాడు. చాలాసేపు ఆగాడు. మళ్ళీ ఒకటి. మళ్ళీ ఆగాడు. చివరిది వేరేగా వినిపించింది.”

“సమయం?”

“మైదా జిగురు అడుగంటకుండా పది నిమిషాలు గడియారం చూస్తూ కలపాలి. ఒంటీ పన్నెండుకు పొయ్యి మీద పెట్టాను, ఇరవై రెండుకు దించాను. ఆ మధ్యనే నాలుగూ.” ఆమె గోడకేసి చెయ్యి చూపింది. “గోడకు ఈవలే ఉన్నానమ్మా. గరిటె తిప్పుతూ ఉన్నాను.”

వసుమతి కరుణాకర్ వైపు తిరిగింది. “విన్నావా? కోపం ఆగి ఆగి కొట్టదు. ఆగి ఆగి కొట్టేవాడు ప్రశ్నలు అడుగుతున్నాడు. నోట్లో గుడ్డ కుక్కి కొట్టడం, గుడ్డ తీసి అడగడం, మళ్ళీ కుక్కడం. ఆ ముసలాయన మూడుసార్లు చెప్పనన్నాడు. ఆ అమ్మాయికి ఆయన దగ్గర అడగవలసిన రహస్యమేముంది? రమ్మని పిలిచిందే చూపించడానికి.”

“మరి ఎవలు? ఏమడిగిన్రు?”

“లోపలికి పద.”

దుకాణం పది అడుగుల వెడల్పు. పనిబల్ల అంచు మీద నెత్తురు నల్లగా పేరుకుని ఉంది. మూడు చోట్ల కొయ్యలో చిన్న గుంటలు పడ్డాయి. ఎముకతో పాటు బల్లనూ దిగగొట్టిన దెబ్బలవి. ల్యాండర్ ప్యాటర్న్‌ను చేతిగొడ్డలిలాంటి బాడిశతో నరికి ముక్కలు చేశారు. రంపపు పొట్టు మీద అంగారకుడికి పోవలసిన నాలుగు కాళ్ళు, కసాయి దుకాణంలో ఎముకల్లా పడి ఉన్నాయి. బల్ల పక్కన పొట్టి స్టూలు ఒకటి ఒరిగి ఉంది.

వసుమతి గోడ చూసింది. ప్రతి పనిముట్టుకూ ఒక మేకు, మేకు చుట్టూ ఆ పనిముట్టు ఆకారం నల్లరంగుతో గీసి ఉంది. ఉలులు, చిత్రికలు, రంపాలు, తుడిచి మళ్ళీ తగిలించిన బాడిశ, అన్నీ తమ తమ నీడల మీద ఉన్నాయి. పోలీసులు తీసుకుపోయిన సుత్తిది కాక, ఇంకొక్క నీడ ఖాళీ. పొడవుగా, సన్నగా, రెండడుగులు.

“స్టీలు స్కేలు పోయింది,” అంది.

“స్కేలు కోసం ఖూనీ చేస్తరా మేడం?” కరుణాకర్ నవ్వాడు. “మొజంజాహీ మార్కెట్ కాడ గల్లీ గల్లీకి దొరుకుతది.”

“స్కేలు కోసమే చంపాడు. తీసుకుపోయింది మాత్రం వేరే స్కేలు.”

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. శవం పడి ఉన్నచోట, బల్ల కింద, నెత్తురుతో గడ్డకట్టిన పొట్టును కర్రపుల్లతో తొలగించింది. మెరుపు కనిపించింది. ముసలాయన పాదం తగిలేంత దూరంలో, కాలితో లోపలికి తోసినట్టు, ఇంకో స్టీలు స్కేలు ఉంది. కరుణాకర్ నవ్వు ఆగిపోయింది. అతనే ఫొటో తీశాడు. చేతికి గ్లౌజు తొడుక్కుని బయటికి తీశాడు.

“నీ రిమాండు రిపోర్టు ఇలా ఇవ్వు,” అంది వసుమతి. “ఏ ఫోర్ కాగితం పొడవు ఎంత?”

“రెండు వందల తొంభై ఏడు మిల్లీమీటర్లు. గది అందరికెర్కే.”

“కొలువు.”

అతను కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. “రెండు వందల తొంభై మూడు చూపిస్తుంది. ఏంది గిది? స్కేలు ఖరాబైందా?”

“దాని పనే అది. కరిగిన లోహం చల్లారాక కుంచించుకుపోతుంది. అల్యూమినియం అయితే వెయ్యికి పదమూడు వంతులు. అందుకని ప్యాటర్న్‌ను ముందే ఆ మేరకు పెద్దదిగా చెక్కాలి. ప్రతిసారీ లెక్క వేసుకోకుండా, గీతలనే ఆ మేరకు సాగదీసిన స్కేలు వాళ్ళ దగ్గర ఉంటుంది. పోత స్కేలు అంటారు. చూడడానికి మామూలు స్కేలే. గోడమీద మేకుకు ఉన్నది సాదాది. చేతి కింద ఉండేది ఇది.” ఆమె వేలు స్కేలు చివర అల్యూమినియం గుర్తుగా మేకుతో గీసిన ‘అ’ అక్షరం మీద ఆగింది. “ఇప్పుడు 5000ను వెయ్యికి పదమూడు వంతున పెంచు.”

కరుణాకర్ ఫోన్లో లెక్క వేశాడు. “5065.”

“8000?”

“8104.”

“437?”

“442న్నర దాటుతది. అంటే 443.” అతను తలెత్తలేదు.

“విశ్వనాథ్ ఎంట్రీలోని అంకెలు అవి. డిజైన్ నుంచి ప్యాటర్న్ పుడితే అంకెలు నిండుగా ఉంటాయి. ప్యాటర్న్ నుంచి డిజైన్ దొంగిలిస్తే అంకెలు ఇలా వాచి ఉంటాయి. చేతి స్కానరుతో వెంట్రుకవాసి తేడా లేకుండా కాపీ చేసి, కొలతలను పదింతలు చేసుకున్నాడు. లోహం కుంచించుకుపోతుందని ఆ యంత్రానికి తెలియదు, అతనికీ తెలియదు. కంప్యూటర్ మీద తప్ప వస్తువును చేత్తో తయారుచేయనివాడు చేసే తప్పు అది.”

“సరే మేడం, దొంగనే అనుకుందాం. దొంగతనం ఖూనీ గాదు గదా?”

“మొగులయ్య ఫోన్ రికార్డులో ఆ అమ్మాయి కాల్ తరవాత ఏముంది?”

“పన్నెండూ ఇరవైకి ఆబిడ్స్ కంపెనీ ల్యాండ్‌లైన్‌కు కాల్. నలభై సెకన్లు. ఆ పిల్ల గాడనే పనిచేస్తది, ఆమెకే చేసిండనుకున్న.”

“ఆమెకు సెల్‌ఫోన్ ఉంది, అప్పటికి అరగంట ముందే మాట్లాడాడు. ల్యాండ్‌లైన్ నంబరు ఎవరి విజిటింగు కార్డు మీద ఉంటుంది? ఆర్డరు ఇస్తానని వచ్చి, స్కాన్ చేసుకుపోయిన యజమాని కార్డు మీద. మొగులయ్య దొంగను చాటుగా పట్టుకునే రకం కాదు. దొంగతనానికి తన స్కేలే సాక్ష్యమని ముఖం మీదే చెప్పాడు. అదే అతని ప్రాణం తీసింది.”

కరుణాకర్ కొంచెం మెల్లగా అన్నాడు: “గీ ముసలాయన అంటే మీకు గంత పట్టింపెందుకు మేడం?”

“పంతొమ్మిది వందల తొంభై ఆరులో ఉస్మాన్‌గంజ్‌లో ఒక రౌడీ నా మెడ మీదికి కత్తి ఎత్తాడు. నా యూనిఫాంకు ఆరు నెలల వయసు. తూనికరాళ్ళ ప్యాటర్న్ ఇవ్వడానికి వచ్చిన మొగులయ్య ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. చిటికెనవేలు, ఉంగరపు వేలు రోడ్డు మీద పడ్డాయి. దవాఖానాలో ఆయన చెయ్యి పట్టుకుని ఈ బాకీ తీరుస్తానన్నాను. నవ్వాడు. ‘ఏ యేలు ఇస్తవ్ బిడ్డా?’ అన్నాడు.” ఆమె స్కేలును అతని చేతికే వదిలింది. “దీన్ని దొరికిన చోటే పెట్టించు. జానకమ్మ దుకాణంలో మనిషిని ఉంచు. ఒంటిగంటన్నరకు సాయిసుధను ఇక్కడికి తీసుకురా, ఆమె 437 ఎక్కడిదో నీ ఎదుటే కొలిచి చూపిస్తాను. కోర్టుకు దారిలోనే కదా. ఒక గంట. అంతకుమించి నిన్నేమీ అడగను.”

“రెండున్నరకు కోర్టుల ఉండకపోతే నా నౌకరి పోతది.”

“రెండున్నరకు ఆ అమ్మాయి దోషిగా కోర్టులో నిలబడితే నీ నిద్ర పోతుంది. ఏది ముఖ్యమో నువ్వే తేల్చుకో.”

*

పన్నెండూ ఇరవైకి ఆబిడ్స్ కార్యాలయంలో విశ్వనాథ్ ఆమెను లేచి నిలబడి ఆహ్వానించాడు. నలభై ఐదేళ్ళు, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, మెత్తని మాట. బల్ల మీద తెల్లటి ప్లాస్టిక్ ల్యాండర్ ఉంది.

“రండమ్మా, కూర్చోండి. పాపం, ఆ అమ్మాయి ఇంత పని చేస్తుందనుకోలేదు. కాఫీ చెప్పనా?”

“వద్దు. నిన్న ఒంటిగంటకూ రెండింటికీ మధ్య ఎక్కడున్నారు?”

“భోజనానికి బషీర్‌బాగ్ వెళ్ళాను. ఒక్కణ్ణే.”

“మొగులయ్యను ఎరుగుదురా?”

“పేరు విన్నాను. చూడలేదు.”

వసుమతి రెండు కాగితాలు బల్ల మీద పరిచింది. “ఇది సోమవారం మీరు పంపిన ఎంట్రీ. ఇది నిన్న మూడూ నలభైకి మీరే సవరించి పంపినది. రెండూ పోటీ వెబ్‌సైట్లో అందరికీ కనిపించేవే. సోమవారం కాళ్ళు 5065. నిన్న 5000. ఎందుకు మార్చారు?”

“నిండు సంఖ్య చేశాను. ఇంజనీర్లు చివర్లో అలా సర్దుతారమ్మా.”

“గది వ్యాసం కూడా సర్దారు. మంచిది. గడప ఎత్తు సోమవారం 443. సర్దితే 440 కావాలి, లేదా 450. 437 ఎందుకయింది?”

విశ్వనాథ్ చిరునవ్వు పెదవుల మీద ఉన్నది ఉన్నట్టే ఉంది. కళ్ళు మాత్రం దాన్ని విడిచి వెళ్ళిపోయాయి.

“అది... మానవ శరీర కొలతలకు సంబంధించిన లెక్క. మీకు అర్థం కాదు.”

“అర్థమయ్యేలా చెప్పండి. నేను సిస్టర్ల బడిలో చదివాను. అక్కడ జవాబు ఒక్కటీ రాస్తే సున్నా వేసేవారు. లెక్క చూపించాలి.”

“నేను మీ విద్యార్థిని కాను.”

“అందుకే అంకెకు అర్థం తెలియలేదు. అర్థం తెలియని అంకెను సరిగ్గా సవరించడం ఒక్క దారిలోనే కుదురుతుంది. ప్రతిదాన్నీ వెయ్యికి పదమూడు వంతున తగ్గించాలి. సోమవారం మీకు ఆ రహస్యం తెలియదు. నిన్న మూడూ నలభైకి తెలిసింది. ఈ మధ్యలో ఎవరు చెప్పారు?”

అతను కుడిచెయ్యి బల్ల కిందికి దించుకున్నాడు. ఆలస్యమయింది. అరచేతి మధ్య అంటించిన పట్టీని ఆమె లోపలికి వచ్చినప్పుడే చూసింది.

“మీరు బయటికి వెళ్తే మంచిది,” అన్నాడు. మెత్తదనం పోయింది. “రుజువులు లేకుండా మాట్లాడే ముసలమ్మల కోసం నా దగ్గర లాయర్లున్నారు.”

“వెళ్తున్నాను.” వసుమతి కాగితాలు మడిచింది. “ఒక్క మాట. మీరు గోడమీంచి తీసుకుపోయిన స్కేలు సాదాది. అసలుది ఇంకా ఆ బల్ల కింద, నెత్తుటి పొట్టులో ఉంది. రెండున్నర తరవాత అది కోర్టు సొత్తవుతుంది.”

ఆమె అబద్ధం చెప్పలేదు. ఒక్క అక్షరం కూడా.

*

ఒంటిగంటన్నరకు కరుణాకర్ మాట నిలబెట్టుకున్నాడు. సాయిసుధను ఒక మహిళా కానిస్టేబుల్ జానకమ్మ దుకాణంలోంచి, రెండు దుకాణాలకూ మధ్యనున్న తలుపు గుండా లోపలికి తెచ్చింది. వసుమతి తన చేతిసంచిలోని దర్జీ టేపుతో స్టూలును కొలిచి చూపించింది. 437. కరుణాకర్ చూశాడు, నోట్ చేసుకున్నాడు, ఏమీ అనలేదు. నలుగురూ మళ్ళీ మధ్య తలుపు వెనక్కి వెళ్ళారు.

ఒంటీ ముప్పై ఎనిమిదికి వెనక తలుపు గొళ్ళెం కదిలింది.

విశ్వనాథ్ ఒక్కడే వచ్చాడు. నేరుగా బల్ల దగ్గరికి నడిచాడు. ఎక్కడ వెతకాలో, నెత్తురు ఎక్కడుందో అతనికి ఎవరూ చూపించనవసరం లేకపోయింది. వంగి పొట్టును రెండు చేతులతో తోడాడు. స్కేలు అందుకున్నాడు.

“దొరికిందా సార్?” అన్నాడు కరుణాకర్, తలుపు తోసుకుని వస్తూ. “మొగులయ్యను చూడలేదన్నరట. ఆయన పడ్డ జాగ మంచిగ ఎర్కున్నదే!”

విశ్వనాథ్ స్కేలు వదిలి గోడమీది బాడిశ లాగాడు. కరుణాకర్ చెయ్యి తుపాకీ దాకా వెళ్ళేలోపే బాడిశ అతని భుజంలో దిగింది. ఎముక విరిగిన చప్పుడు వినిపించింది. ఇన్‌స్పెక్టర్ గోడకు కొట్టుకుని కూలబడ్డాడు. అడ్డం వచ్చిన కానిస్టేబుల్ కడుపులో అతను కాలితో తన్నాడు. ఆమె తలుపు చెక్కకు తల తగిలి పడిపోయింది.

“మూడు వేళ్ళు విరగ్గొట్టాను!” అని అరిచాడు విశ్వనాథ్. ముఖం నిండా చెమట. “వెయ్యికి పదమూడు అని గర్వంగా చెప్పాడు ముసలాడు! నా ముఖం మీద నవ్వాడు! ఆ స్కేలు ఎక్కడుందో మాత్రం చెప్పలేదు. చెప్పి ఉంటే బతికేవాడు!”

అప్పుడతనికి సాయిసుధ కనిపించింది. కానిస్టేబుల్ వెనకే వసుమతితో పాటు లోపలికి వచ్చి, బల్లకు అవతల, గోడకు ఆనుకుని, కదలలేక నిలబడి ఉంది. ఆమె లేకపోతే 437 అంటే ఏమిటో చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు. ఆ ఆలోచన అతని కళ్ళలోకి రావడం వసుమతి చూసింది.

బాడిశ లేచింది. ఆ అమ్మాయి మెడ మీదికి దిగింది.

వసుమతి ఎడమచెయ్యి అడ్డం పెట్టింది.

నొప్పి వెంటనే తెలియలేదు. ముందు చప్పుడు వినిపించింది, కొయ్య మీద కొయ్య పడ్డట్టు. ఆమె చేతిని గోడకు కొట్టి, వేళ్ళను నుజ్జుచేసి, బాడిశ గోడలో ఇరుక్కుంది. అతను దాన్ని లాగుతుండగా ఆమె కుడిచేత్తో అతని మణికట్టు పట్టుకుంది. వదలలేదు. అతను మోచేత్తో ఆమె ముఖం మీద కొట్టాడు. పెదవి చిట్లింది. మళ్ళీ కొట్టాడు. వదలలేదు.

“సుధా,” అంది, నెత్తురు ఉమ్మేస్తూ. “నిలబడి చూడకు.”

సాయిసుధ స్టూలును రెండు చేతులతో ఎత్తింది. టేకు కొయ్య, నాలుగు కాళ్ళు, 437 మిల్లీమీటర్లు. అతని మోకాలి మీద కొట్టింది. అతను అరిచి వంగాడు. రెండో దెబ్బ దవడ మీద పడింది. పళ్ళు పొట్టులో రాలాయి. మూడో దెబ్బకు చేతులు పైకెత్తింది.

“చాలు,” అంది వసుమతి. “ఇంకొకటి వేస్తే అతనికీ మనకూ తేడా ఉండదు.”

స్టూలు కిందికి దిగింది. గోడకు ఆనుకున్న కరుణాకర్ మంచి చేత్తో తుపాకీ పట్టుకుని, నేలమీద మూలుగుతున్న మనిషికి గురిపెట్టాడు. అతని చేతి గడియారంలో ఒంటీ నలభై రెండు.

*

రాత్రి ఎనిమిదింటికి దవాఖానాలో కరుణాకర్ భుజానికి కట్టుతో వసుమతి మంచం దగ్గరికి నడిచివచ్చాడు. వెనక సాయిసుధ ఉంది. ఆమె చుట్టూ కాపలా పోలీసులెవరూ లేరు.

“రిమాండు అడగలే మేడం. కోర్టుల కాగితం వాపస్ తీయించిన,” అన్నాడు. “వాని కారు డిక్కీల సాదా స్కేలు దొరికింది, నెత్తురు తుడిచిన గుడ్డ దొరికింది. చర్మం ముక్క గూడ వానిదే అయితదని ల్యాబోళ్ళంటున్నరు.” కాసేపు ఆగాడు. “రామకోటి అన్న మాట గూడ వాపస్.”

“ఎందుకు? కుడిచెయ్యి బాగానే ఉందిగా. రాసుకుంటాను.”

అతను నవ్వబోయి, నవ్వలేక, బయటికి వెళ్ళిపోయాడు.

తరవాత డాక్టరు వచ్చాడు, యువకుడు. ఆమె చేతి కట్టు వైపు చూస్తూ అన్నాడు. “ఎముక పూర్తిగా నుజ్జయిందమ్మా. అతికించడానికి ఏమీ మిగలలేదు. తీసేయాల్సి వచ్చింది. సారీ.”

“ఎన్ని?”

“రెండు. చిటికెనవేలు, ఉంగరపు వేలు.”

సాయిసుధ ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. వసుమతి ఆమెను ఈసారి ఆపలేదు. తెల్లటి కట్టులోంచి బయటికి కనిపిస్తున్న మూడు వేళ్ళను, తన చిన్నతనపు బడిలో జవాబు సరిచూసుకున్నట్టు, ఒకటికి రెండుసార్లు చూసుకుంది. ఎడమచెయ్యి. మూడు వేళ్ళు. ఏవి ఉండాలో అవే ఉన్నాయి. ఏవి పోవాలో అవే పోయాయి.

ఇరవై తొమ్మిదేళ్ళ కిందట ఇలాంటి మంచం మీదే పడుకుని, నవ్వుతూ ఒక మనిషి ఆమెను, ఏ వేలు ఇస్తావని అడిగాడు. అప్పుడు ఆమె దగ్గర జవాబు లేదు.

“నువ్వు ఇచ్చినవే, మొగులయ్యా,” అంది వసుమతి. “ఆ రెండే.”